నా కాపలాలో పూతరేకులు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా టీవీలో ఒక కార్టూన్ వచ్చేది. అందులో నా ఈడు అమ్మాయి బడి వదిలాక గాల్లో పల్టీలు కొట్టి ప్రపంచాన్ని కాపాడేది. ఆత్రేయపురంలో కాపాడడానికి నాకేమీ దొరకలేదు.

ఒక సాయంత్రం మా అమ్మమ్మ మర్నాటి పెళ్ళికి ఇవ్వాల్సిన పూతరేకులు చుట్టి చాప మీద పేర్చింది. నన్ను చూస్తుండమని పెరట్లోకి వెళ్ళింది. నెయ్యి వాసనకి పిల్లి వచ్చింది. నేను బల్ల మీంచి అచ్చం కార్టూన్లో అమ్మాయిలాగే పల్టీ కొట్టాను. పిల్లి తప్పుకుంది. నేను సరిగ్గా పూతరేకుల మధ్యలో పడ్డాను.

అమ్మమ్మ వచ్చి చూసి, "పిల్లి అయితే రెండు తిని పోయేది కదే" అంది.

ఇప్పటికీ మా ఇంట్లో పూతరేకులు చుడుతుంటే ముందు నన్ను బయటికి పంపిస్తారు. పిల్లి సంగతి ఆ తర్వాతే.