తెల్ల పావులు మామవి

మా ఇంట్లో చదరంగానికి ఒక కట్టుబాటు ఉండేది. తెల్ల పావులు పెద్దవాళ్ళవి. తిరుత్తణి కొండ కింద మా పూజసామాన్ల అంగట్లో, మధ్యాహ్నం యాత్రికులు పలచబడగానే మామ గల్లాపెట్టె పక్కన బల్ల పరిచేవాడు. మా అమ్మకు అన్న ఆయన. ఆయనవి తెల్లవి, నావి నల్లవి. నాకు ఊహ తెలిసినప్పటినుంచి నలభై దాటేవరకు అంతే.

"ఈ ఒక్క ఆటకు తెల్లవి నాకియ్యి మామా" అంటే వక్క నములుతూ నవ్వేవాడు. "నేను పోయినంక అన్నీ నీవేమ్మే. అంతవరకు ఓర్చుకో."

ఒకరోజు ఎదలో నొప్పి అన్నాడు. తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడినుంచి తిరిగి రాలేదు. తెల్లవి నావయ్యాయి.

అప్పుడు తెలిసింది, నాకు మొదటి ఎత్తు వేయడమే రాదని. బతుకంతా ఆయన వేసినదానికి బదులు వేసినదాన్నే. ఫోన్లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడడం మొదలుపెట్టాను. నల్లవి వస్తే గెలిచేదాన్ని. తెల్లవి వస్తే ఏ పావు ముట్టాలో తెలియక ఓడిపోయేదాన్ని.

సిగ్గు విడిచి తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర మేడమీద చెస్ నేర్పే ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆమె నా ఆటలు చూసి తల పట్టుకుంది. "అక్కా, మీకు ఓపెనింగే లేదు. ఎదురోళ్ళు ఏం జేస్తారా అని చూస్తా కూసుంటే యెట్లక్కా? తెల్లవాళ్ళు అడగాల, నల్లవాళ్ళు బదులు జెప్పాల." ఓపెనింగుల పేర్లు లండన్ అంది, ఇటాలియన్ అంది. అరక్కోణం వెళ్ళిరావాలంటేనే అంగడి ఎవరికి అప్పగించాలా అని చూసే మనిషిని, నాకు లండనూ ఇటలీనా అని నవ్వొచ్చింది. చివరికి ఇటాలియన్ పట్టుకున్నాను. అందులో రాజు ముందరి బంటు ఒక్కసారే రెండు గళ్ళు దూకుతుంది. మామ ఎన్నడూ అలా ఆడలేదు. నాకు కావలసింది అదే.

మా ఇంటి ఆటలో ఇంకో పద్ధతి ఉండేది. మొట్టమొదటి ఎత్తుకు రెండు బంట్లను ఒక్కో గడి చొప్పున జరపవచ్చు. మామవి ఎప్పుడూ అవే రెండు: ముందు రాజు ముందరిది, ఆ వెంటనే ఎడమ గుర్రం ముందరిది. తర్వాత రెండు ఒంటెలూ బయటికొచ్చి ఏటవాలుగా నా రాజు కోట వైపు చూస్తూ కూర్చునేవి.

అంగట్లో ఒక్కదాన్నే ఇటాలియన్ సాధన చేసేదాన్ని. ఎదురుగా మామ ప్లాస్టిక్ స్టూలు. దాని మీద ఎవరూ కూర్చోరు, నేనూ కూర్చోను. బంటును రెండు గళ్ళు జరపగానే స్టూలు వైపునుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. నేను తప్పుడు ఎత్తు వేస్తే ఆయన చేసే చప్పుడది. కర్పూరం డబ్బాల వెనక ఎలుకేమో అని చూశాను. ఎలుక లేదు. పట్టపగలు, ఎదురుగా బస్సులు పోతుండేవి. అయినా బంటును మెల్లగా వెనక్కి పెట్టేసేదాన్ని.

నాకు కప్పులూ పతకాలూ అక్కర్లేదు. తెల్లవాటితో ఒక్క ఆట, నా సొంత ఎత్తుతో ఆడి గెలవాలి. అది చేతకాకపోతే నేను బతికినన్నాళ్ళూ ఆ స్టూలు ముందు నల్లపావులతోనే కూర్చుండిపోతాను. ఆ భయంతోనే తిరువళ్ళూరు కల్యాణమండపంలో పోటీ పెడుతున్నారంటే పేరిచ్చాను.

మొదటి ఆటకే తెల్లవి వచ్చాయి. ఎదురుగా వెంగల్ నుంచి వచ్చిన నా ఈడు రైతు. గడియారం నొక్కారు. ఇటలీ, ఇటలీ అనుకుంటూ చెయ్యి చాచాను. చెయ్యి రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపింది. ఆగలేదు. ఎడమ గుర్రం ముందరి బంటునూ జరిపి, గడియారం నొక్కింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మామ బుద్ధి పుడకలతో కూడా పోలేదు, నా చేతిలోకి వచ్చి కూర్చుంది.

ఎదుటాయన బల్ల చూసి నవ్వాడు. "మా వెంగల్లో గూడా చిన్నప్పుడు ఇట్లే ఆడేదమ్మా. ఈడ ఒప్పుకోరు." రిఫరీ వచ్చి రెండో బంటును వెనక్కి పెట్టించాడు. మొదటిది మాత్రం జరిపిన చోటే ఉండాలన్నాడు. నెలలపాటు చదివిన ఇటాలియన్ ఆ ఒక్క గడితో పోయింది. ఏడుపొచ్చింది. ఇక వేరే దారి లేక రెండో ఎత్తుకు ఆ ఎడమ బంటునే జరిపాను. ఒంటెలు బయటికొచ్చాయి. వెంగల్ ఆయన, నేను నల్లవాటితో కట్టినట్టే, రాజు వైపు కోట కట్టుకున్నాడు.

అది నాకు కంఠతా వచ్చిన బల్ల. కానీ ఎప్పుడూ అవతలి వైపునుంచి చూసినదే. మొదటిసారి మామ కూర్చునే వైపునుంచి చూశాను. ఒంటెను రాజు పక్క బంటు మీద బలి ఇస్తే కోట కూలుతుంది. మంత్రి దూకుతుంది, రెండో ఒంటె అందుకుంటుంది, అంతే. ఇంత తేటగా కనిపిస్తోంది. మా ఆటల్లో నేను కోట కట్టిన ప్రతిసారీ ఇదే ఘట్టం వచ్చేది. ప్రతిసారీ మామ వక్క బుగ్గన పెట్టుకుని, కాసేపు చూసి, అంచు బంటును ఒక గడి జరిపేవాడు.

కనబడలేదా? కనబడే ఊరుకున్నాడా? అడగడానికి మనిషి లేడు. నా చెయ్యి అంచు బంటు మీదికి పోబోయింది. బలవంతాన ఆపాను. "వదులు మామా" అని పైకే అన్నాను. వెంగల్ ఆయన తలెత్తి చూశాడు. ఒంటెను ఎత్తి, బంటును కొట్టాను.

కాసేపటికి ఆయన ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టి, "బాగా ఆడినావమ్మా, యాడ నేర్చినావు?" అన్నాడు. నేను పావులను మళ్ళీ వరుసగా పేర్చాను.

మర్నాడు మధ్యాహ్నం అంగట్లో బల్ల పరిచాను. తెల్లవి మామ స్టూలు వైపు తిప్పి, నల్లవి నా ముందు పెట్టుకుని కూర్చున్నాను. మామ పోయాక కూడా, అలా పేర్చానంటే ఆయన ఏ బంటు ముట్టుకుంటాడో, ఎప్పుడు గొంతు సవరిస్తాడో నాకు ముందే తెలిసిపోయేది. ఆ రోజు ఏమీ తెలియలేదు. కొండమీదినుంచి భక్తుల అరోగరా కేకలు తప్ప ఏ చప్పుడూ లేదు. ఎండ వాలేదాకా చూశాను.

మామ పోయి రెండేళ్ళయిందని అడిగినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. కాదు. ఆయన ఆ ముందురోజే, కల్యాణమండపంలో, నా చేతుల్లో పోయాడు.