అనంతగిరి వార్డులో చెల్లని ఇంగ్లీషు మాటలు

కొండమీది క్షయ ఆస్పత్రిలో తమవాళ్లుండి, చూడడానికి బయలుదేరేవారి కోసం ఇది రాస్తున్నాను. మా అన్న అక్కడ చేరి కొన్ని నెలలైంది. తాండూరు గంజ్‌లో కందులు, పల్లీలు వేలం పాడేది ఆయనే. గొంతు విప్పితే బజారంతా వినిపించేది. జబ్బు ఇప్పుడు ఆ గొంతుకే పాకిందన్నారు. ఆ తర్వాత తనను చూడడానికి రావద్దని మా వదినకు కబురు పంపాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. అటునుంచి వచ్చిన ఒకాయన "మీవాడు మారిండు, పలకరిస్తె మొహం తిప్పుకుంటుండు" అని చెప్పేసరికి వదిన గుండెల్లో రాయి పడింది. "నన్ను ఇడిసిపెట్టిండా ఏంది? గా ఒక్క ముచ్చట అడిగిరా మరిదీ" అంటూ నా చేతిలో సద్దిమూట పెట్టింది.

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. చదివింది ఉర్దూలో. పోలీసు చర్య తర్వాత చదువుల భాష మారిపోతే కిందామీదా పడి ఇంగ్లీషు నేర్చుకున్నాను, అందుకే ఆ మాటలంటే నాకు మోజెక్కువ. సోమవారం పై తరగతికి చిరాకు మనుషులను వర్ణించే ఇంగ్లీషు మాటలు చెప్పాలి. పొద్దుటి ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరకబుచ్చుకుని వాటిని నెమరేసుకున్నాను. ముక్తసరిగా తేల్చేస్తే కర్ట్. తీరిక లేనట్టు విదిలించి మాట్లాడితే బ్రస్క్. మోటు గొంతుతో కసిరితే గ్రఫ్. మాట పూర్తి కాకముందే కరవవస్తే స్నాపిష్. ఎవరొచ్చినా మొహం ముడుచుకు కూర్చుంటే సర్లీ. ఒక్క చిరాకుకు ఇన్ని పేర్లు పెట్టిన ఆ జాతి ఎంత చిరాకు పడిందో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ధారూరు దాటాక కొండలు కనిపిస్తాయి, వికారాబాద్‌లో దిగడానికి అప్పుడు సర్దుకుంటే చాలు.

స్టేషన్ బయట టాంగాలుంటాయి. పోనూరానూ రెండు రూపాయలకు ఖాసిం అనే ఆయన ఒప్పుకున్నాడు. దారి పొడుగునా ఆయన నోటికి విరామం లేదు. గుర్రం అలక, కారే ఇంటికప్పు, పెద్దల్లుడి పొగరు, అన్నీ విన్నాను. వానలు పడి కొండంతా పచ్చగా ఉంది. మలుపు తిరిగినకొద్దీ చెట్లు దగ్గరవుతుంటే నేను కళ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రి ఇంకా కనబడకముందే ఖాసిం గొంతు తగ్గించాడు. "ఇంక సప్పుడు చెయ్యద్దు సాబ్. నేనీడనే ఉంట, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

గేటు దగ్గరి మనిషి "ఎవరికి?" అన్నాడు. పేరు చెబితే నోరు మెదపకుండా చెయ్యి చూపించాడు. కర్ట్, అనుకున్నాను. నర్సమ్మ నా కాళ్లవైపు చూసి "చెప్పులు" అని వెళ్లిపోయింది. బ్రస్క్. వార్డులో అటూ ఇటూ వరసగా మంచాలు. నమస్కారం పెడితే కొందరు తల ఊపారు, ఒకాయన గోడవైపు తిరిగాడు. సర్లీకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అన్న చిక్కిపోయాడు. మంచానికి కాస్త దూరంగా కుర్చీ వేశారు, కూర్చున్నాను.

"ఎట్లున్నవన్నా?"

"మంచిగ." గాలి తప్ప గొంతు లేదు.

"తింటున్నవా?"

"ఊఁ."

"వదినను ఎందుకు రావద్దన్నవ్? ఏం తప్పు చేసింది?"

కళ్లు మూసుకున్నాడు. నేను మళ్లీ అడిగాను, ఈసారి కాస్త గట్టిగానే. "పో" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటినుంచి నన్ను "తమ్మీ" అనకుండా ఒక్క మాట ఆడనివాడు ఆయన. కోపంతో లేచి వసారాలోకి వచ్చేశాను.

నా వెనకే ఒకాయన వచ్చి, వసారా చివరికి రమ్మని సైగ చేశాడు. మర్పల్లి రైతట. జబ్బు నయమై వచ్చే వారం ఇంటికి పోతున్నాడు.

"మీ అన్నమీద గుస్స కాకు సారూ" అన్నాడు మెల్లగా. "డాక్టరు సాబ్ ఆయన గొంతు బందు పెట్టిండు. మాట్లాడితె ఇంక రాదన్నడు. మీ అన్నకు మాట్లాడకుంట ఉండుడు తెల్వది. మేం ముచ్చట పెడితె జవాబిస్తడు. జోకేస్తె నవ్వుతడు, నవ్వితె దగ్గు. అందుకె మేమంత కూడి మాటలు తక్కువ చేసుకున్నం."

"అందరూనా?"

"అందరం. నర్సమ్మ, గేటుకాడి మనిషి సుత. పేపరు సుత పైకి చదవం. నేను మస్తు ముచ్చట్లోన్ని సారూ. కడుపుల ఎన్ని ముచ్చట్లున్నయో నాకే తెల్వది. ఇంటికి పోయినంక చెప్పుకుంట."

"మరి మా వదిన?"

"ఆమె ఎదురుంటె ఊకుండనీకి తన వశం కాదన్నడు. గందుకె రావద్దన్నడు."

ఒక్కడి గొంతు కోసం ఇంతమంది నోరు కట్టుకు కూర్చున్నారు. గోడవైపు తిరిగిన మనిషి సంగతీ అప్పుడే తెలిసింది. నేను పలకరిస్తే మాట సాగుతుందని ముందే తప్పుకున్నాడట. ఇంత గొప్ప పని నేను పుట్టాక చూడలేదు.

లోపలికి వెళ్లి మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఏమీ అడగలేదు. గంజ్‌కు కందులు బాగా వస్తున్నాయని, వదిన రోజూ ఆయన చొక్కాలు ఎండకు వేసి మడత పెడుతోందని చెప్పాను. ఆయన కళ్లార్పకుండా విన్నాడు. నేను లేస్తుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఐతారం డాక్టరు నాలుగు మాటలు మాట్లాడనిస్తడట." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ వదినను తోల్కరా."

కొండ దిగుతుంటే ఖాసిం మళ్లీ మొదలుపెట్టాడు. పాపం, ఎంతసేపు ఆపుకున్నాడో. సోమవారం ఆ ఇంగ్లీషు మాటలన్నీ బోర్డుమీద రాస్తాను, తప్పదు. బయట అవి చెల్లుతాయి, ఆ వార్డులో మాత్రం ఒక్కటీ చెల్లలేదు. ఎదుటివాడి కోసం మాట మింగుకునే మనుషుల మధ్య కూర్చుని వచ్చాక నా గొంతు నాకే పెద్దదిగా వినిపిస్తోంది. మీరు వెళ్తే సాయంత్రం బండి అందేట్టు టాంగాను ఆపుకోండి. జాగ్రత్త మాత్రం ఒక్కటే, అక్కడ ఎవరినీ ఏమీ అడగకండి, ఇంటి సంగతులు చెప్పండి చాలు. వదినకూ అదే చెప్పాను. "నువ్వేం అడగకు వదినా. గా నాలుగు మాటలు ఏం మాట్లాడాల్నో అన్న ఇష్టం."