ఎడమ చెవి, కరీబియన్ సముద్రం

నాకు చెయ్యి దురుసు. వైరాలో పురుగుమందుల దుకాణం నడిపినన్నాళ్లూ ఆ పేరు నాకు ఉండనే ఉంది. ఒక రైతు కాలరు పట్టుకున్నాను. పక్క దుకాణంవాడి ముక్కు పగలగొట్టాను. లైను కలవని టెలిఫోనును గోడకేసి కొట్టాను. ఇంట్లో నా భార్యను కొట్టాను. చేయి చేసుకోవడం అంటారు మర్యాదగా. నాకు మర్యాద మాటలెందుకు, కొట్టాను.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. మందుల కంపెనీవాళ్లు డీలర్లను ఏటా బ్యాంకాక్ తీసుకెళ్లేవారు. ఆ ఏడు మాత్రం కరీబియన్ దీవి అన్నారు. వరి కోతలయ్యాక, డిసెంబరులో, భార్యాభర్తలిద్దరికీ టూరు. ఏరియా మేనేజరు ఒక రంగుల కాగితం తెచ్చి కౌంటరు మీద పరిచాడు. ఆకుపచ్చటి నీళ్లలో, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని ఒక మనిషి, చుట్టూ పసుపు చేపలు. స్కూబా డైవింగ్ కూడా టూరులో ఉందట.

టీ ఇవ్వడానికి వచ్చిన నా భార్య ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"బావా, నేను దిగుతా," అంది.

ఆమె మా మేనమామ కూతురు. భద్రాచలంలో గోదావరి ఒడ్డున పెరిగింది. సెలవులకు వెళ్లినప్పుడు రేవు మెట్ల మీద నిలబడి నేను నీళ్లలోకి పైసా బిళ్లలు విసిరేవాణ్ణి. ఆమె బుడుంగున మునిగి, పళ్ల మధ్య బిళ్ల పట్టుకుని తేలేది. నాకు ఈత రాదు. "అడుగున ఏముంటదే?" అని అడిగితే, "నువ్వు మునిగితే తెలుస్తది," అని వెక్కిరించేది. పెళ్లయ్యాక ఆమె నన్ను ఏదీ అడగలేదు. చీర అడగలేదు, సినిమా అడగలేదు. పదిహేనేళ్లకు మొదటిసారి అడిగింది ఇదే. సరేనన్నాను.

పెళ్లాం నీళ్లలో దిగితే నేను పడవలో కూర్చుని చూడాలా? అందుకని ఈత నేర్పమన్నాను. దసరా వెళ్లిన మర్నాటి నుంచి పొద్దున్నే వైరా రిజర్వాయరుకు పోయేవాళ్లం. ఆమె ఎడమ చెవిలో కొబ్బరినూనెలో ముంచిన దూది కుక్కుకుని, తలకు తువ్వాలు బిగించి నడుములోతు నీళ్లలో నిలబడేది. "నీళ్లంటే భయం పోవాలె," అని నా మెడ పట్టి ముంచేది. మొదటిరోజు ఆమె చేతిని రక్తం వచ్చేదాకా గీరాను. ఆమె వదల్లేదు. ఇంకోరోజు అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే అదిమి పట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి, నీళ్లు మింగాను, తన్నుకున్నాను. వదిలాక పైకి లేచి కొట్టడానికి చెయ్యెత్తేసరికి, ఆమె రెండు బారలు వేసి లోతుకు పోయింది. అక్కడి నుంచి నన్ను చూసి నవ్వింది.

"రా బావా, ఇక్కడికొచ్చి కొట్టు," అంది.

కోపంతో ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వొచ్చింది. ఆ నెలరోజులు మా కాపురంలో మంచి రోజులని ఇప్పటికీ అనుకుంటాను. ఒక్కటి మాత్రం నేను పట్టించుకోలేదు. నన్ను అన్నిసార్లు ముంచిన మనిషి, తన తల ఒక్కసారి కూడా తడవనివ్వలేదు.

నవంబరులో కంపెనీ నుంచి ఆరోగ్యం కాగితాలు వచ్చాయి. గుండె జబ్బుందా, ఉబ్బసం ఉందా, చెవికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని ప్రశ్నలు. డాక్టరు సంతకం కావాలి. ఖమ్మంలో చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ముందు నన్ను చూసింది. రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయని నా కాగితం మీద సంతకం పెట్టింది. ఎందుకుండవు? ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసిన మా నాన్న నన్ను బెల్టుతో చావబాదేవాడు కానీ, ఎప్పుడూ వీపు మీదే కొట్టాడు.

తర్వాత నా భార్య ఎడమ చెవిలోకి లైటు వేసి చూసి, మళ్లీ చూసింది.

"చెవి లోపలి పర్దాకు చిల్లుంది. ఎప్పటిది ఇది?" అని అడిగింది.

"చెవిలో పుల్లలు పెట్టుకుంటది డాక్టరమ్మా," అన్నాను నేను, గబుక్కున.

డాక్టరమ్మ నా వైపు చూడలేదు. "నిన్నే అడుగుతున్నానమ్మా. దెబ్బ తగిలిందా? ఎప్పుడు? కాగితంలో తేదీ రాయాలి," అంది.

నా భార్య కుడి చెవి డాక్టరమ్మ వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఏ దెబ్బకు పడ్డదో నాకేమెర్క? బావనే అడుగుండ్రి. కొట్టినోళ్లకు యాదుంటదేమో," అంది.

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కూరలో ఉప్పెక్కువైన రోజా? మామ ముందు ఎదురు చెప్పిన రోజా? ఒక్కొక్కటే వస్తున్నాయి, ఆగడం లేదు. వాటిలో ఎక్కువ ఒకటే రకం. పిలిస్తే పలకలేదని. పెరట్లో ఉంటే పిలిచాను, పలకలేదు, పోయి కొట్టాను. పొయ్యి దగ్గర ఉంటే పిలిచాను, పలకలేదు, కొట్టాను. మొండితనం అనుకున్నాను. వినపడక పలకలేదని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

"నాకు యాద్ లేదు," అన్నాను.

"ఈమెను నీళ్లలోకి దించొద్దు. సంతకం పెట్టను," అంది డాక్టరమ్మ. నేను బల్ల మీద గుద్దాను. బల్లపై అద్దం పగిలి నా అరచెయ్యి తెగింది. నా భార్య లేచి తన కొంగుతో నా చెయ్యి కట్టింది.

ఇంటికొచ్చాక ఆమె నా కాగితాన్ని మడతలు సవరించి పాస్‌పోర్టులో పెట్టింది.

"నువ్వు పోయిరా బావా. అడుగున ఎట్లుంటదో చూసొచ్చి చెప్పు."

తిడితే పడేవాణ్ణి. శాపనార్థాలు పెడితే పడేవాణ్ణి. ఆ నెమ్మది చూసి నాకు పిచ్చెక్కింది.

"నన్ను తిట్టవేందే? ఏంది నీ సంగతి?" అని అరుస్తూ మీదికి పోయాను. చెయ్యి దానంతటదే లేచింది అని రాయబోయాను. అది అబద్ధం. నేనే ఎత్తాను.

ఆమె ముఖం కాచుకోలేదు. గోడకు ఆనుకుని కూలబడి, రెండు అరచేతులతో కుడి చెవిని మూసుకుంది.

మిగిలింది అదొక్కటే కదా. నా చెయ్యి పైన అట్లాగే ఉండిపోయింది. బయటికి పోయి దుకాణం షట్టరును పిడికిలితో గుద్దాను. కట్టు తడిసి రక్తం కారేదాకా, రెండు వేళ్లు వాచి పనికిరాకుండా పోయేదాకా గుద్దాను. నేను లోపలికి తిరిగొచ్చాక కూడా, ఆమె చెవి మీంచి చేతులు తీయడానికి చాలాసేపు పట్టింది.

టూరుకు వెళ్లలేదని రాస్తే కాస్త పరువు దక్కేది. వెళ్లాను. వాచిన వేళ్లతోనే సిలిండరు కట్టించుకుని దిగాను. రెండు నిలువుల లోతు పోయానో లేదో, ఎడమ చెవిలో మేకు దిగినట్టు నొప్పి లేచింది. ముక్కు మూసి గాలి ఊదమని ముందే చెప్పారు. ఏదీ గుర్తు రాలేదు. ఆ నీళ్ల కింద ఆమెను కొట్టిన రోజులు తప్ప ఇంకేం గుర్తు రాలేదు. చేతులు కొట్టుకుంటూ పైకి వచ్చేశాను. మళ్లీ దిగలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. పోయి పక్కన కూర్చున్నాను. చేపల గురించి, నీళ్ల రంగు గురించి చాలా చెప్పాను. ఆమె తలెత్తలేదు. కాసేపటికి నా నీడ చూసి ఇటు తిరిగింది.

"ఎప్పుడొచ్చి కూసున్నవ్? ఈ పక్కకొచ్చి చెప్పు బావా."

లేచి కుడి పక్కకు వెళ్లి కూర్చున్నాను.

"అడుగున ఎట్లుంది?" అంది.

"అడుగుదాకా పోలేదే. చెవి నొప్పి లేసింది. ఓర్వలేక పైకొచ్చిన."

"ఇప్పుడున్నదా నొప్పి?"

"లేదు. పైకి రాంగనే పోయింది."

"మంచిదే," అని ఆమె ఇంకో మిరపకాయ తీసుకుంది.