బరువు చూపించుకున్న రోజులు

మొన్న మా చిన్నమ్మాయికి ఆరో నెల పరీక్ష ఉంటే, అల్లుడికి సెలవు దొరకలేదని నేనే తోడు వెళ్ళాను. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఉన్న ఆ ఆసుపత్రిలో నర్సు పేరు పిలవగానే మా పిల్ల చేతిసంచి నా ఒళ్ళో పడేసి, చెప్పులు విడిచి, బరువు చూసే మిషను ఎక్కి, అందులో కనబడిన అంకెను తానే పైకి చదివి, "పోయిన నెలకంటే మస్తు పెరిగిన మమ్మీ" అని నవ్వింది. చుట్టూ కుర్చీల నిండా జనం. నేను గబుక్కున ముఖం తిప్పుకుని గోడమీద అంటించిన టీకాల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాను. ఎక్కింది అది, పెరిగింది దాని బరువు, చెవులు వేడెక్కింది మాత్రం నాకు.

లోపల డాక్టరమ్మ మా అమ్మాయి ఈడు పిల్లే. ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా, కాళ్ళు వాస్తున్నాయా, తల నొస్తోందా అని ఒక్కొక్కటీ అడిగి, బీపీ చూసి, చక్కెర పరీక్ష రాసి, రాత్రిపూట అన్నం కొంచెం తగ్గించి భోజనమయ్యాక కాసేపు నడవమని చెప్పింది. మా పిల్ల ఎదురు ప్రశ్నలు వేస్తూనే ఉంది, ఆమె విసుక్కోకుండా జవాబులు చెబుతూనే ఉంది. తిరిగి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేటప్పుడు మెట్రోలో, ఎందుకు మాట్లాడతలేవని మా అమ్మాయి అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నాను. దానికి చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. చదివేవాళ్ళలో నా ఈడు ఆడవాళ్ళు ఉంటే, ఇది వాళ్ళకు కొత్త సంగతి కాకపోవచ్చు.

నల్లగొండ వైపు పల్లె నుంచి పెళ్ళిచేసుకుని వచ్చేనాటికి నేను గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేంత సన్నగా ఉండేదాన్ని. మా ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. మార్కెట్‌కు దగ్గరలోనే రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని, నేను, ఆయన, మా అత్తమ్మ ఉండేవాళ్ళం. ఎండాకాలం వచ్చిందంటే ఆ వీధుల్లో గడ్డి వాసనా, మాగిన మామిడి వాసనా కలిసి ఉతికిన బట్టలకు కూడా పట్టేవి. ఈ ఊరు నాకు మొదట పరిచయమైంది ఆ వాసనతోనే. ఇప్పటికీ ఎక్కడైనా గడ్డిలో పేర్చిన పండ్లు కనబడితే ఆ రెండు గదులు కళ్ళ ముందుకొస్తాయి.

మొదటి కాన్పుకు నెల తప్పినప్పుడు మూడు నెలలూ నీళ్ళు కూడా ఇమడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఆకలి మొదలైంది. అది మామూలు ఆకలి కాదు, అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగానే మళ్ళీ వేసే ఆకలి. మా అత్తమ్మకు అది పండుగలా ఉండేది. ఆమె తన పిల్లల్ని కడుపున మోస్తూ నాట్లు వేసిన మనిషి, పురిట్లోనే ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి. "నేను జొన్న గటక తాగి కన్న బిడ్డా, నా కోడలు అన్నం తిని కనాలె" అని పక్కన కూర్చుని మరీ వడ్డించేది. సాయంత్రం మా ఆయన మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు కాస్త దెబ్బతిన్న బంగినపల్లి పండ్లు సంచీలో తెచ్చేవాడు. ఆయన కోసి ముక్కలు పళ్ళెంలో పెడుతుంటే నేను అయిపోగొట్టేదాన్ని. ఆయనకు ప్రేమగా మాట్లాడటం వచ్చేది కాదు, పండు కోయడం వచ్చేది. ఆ సాయంత్రాలంత సుఖంగా నేను జీవితంలో మరెప్పుడూ తినలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బట్టల దుకాణాలపైన మొదటి అంతస్తులో ఒక నర్సింగ్ హోమ్ ఉండేది. అందులో ఉండే డాక్టర్ మేడమ్ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ, చేయి మంచిదని చుట్టుపక్కల బస్తీలన్నిటా పేరు. మా అత్తమ్మకు కీళ్ళనొప్పులు, మెట్లు ఎక్కలేక కింద దుకాణం అరుగు మీదే కూర్చునేది, నేనొక్కదాన్నే పైకి వెళ్ళేదాన్ని. బరువు తూచే మిషను లోపల గదిలో కాక, అందరూ కూర్చునే హాల్లో, మేడమ్ గది తలుపుకు ఎదురుగా ఉండేది. ఆయా అంకె చూసి గట్టిగా చెప్పేది, మేడమ్ లోపలి నుంచే వినేది.

ఆ మే నెలలో ఆయా నా అంకె చెప్పగానే మేడమ్ కలం కింద పెట్టి తలుపు దాకా వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమ్మా, తింటున్నావా, మేస్తున్నావా?"

బెంచీల మీది ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. వాళ్ళంతా నాలాగే కడుపుతో ఉన్నవాళ్ళు, కాసేపట్లో అదే మిషను ఎక్కాల్సినవాళ్ళు. నన్ను అంటే వాళ్ళను అనకుండా వదిలేస్తుందని కాబోలు, మరికొంచెం నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ ఏడవడం కంటే అదే మర్యాద అనిపించింది. మేడమ్ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ఇట్లా పెరిగితే కాన్పు కష్టమనీ, మామిడిపండ్లు ముట్టొద్దనీ, నోరు కట్టుకోమనీ. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఉందని కాదు. ఆమె వాడిన ఆ మొదటి మాట నా చెవిలో గడియ వేసేసింది, తర్వాతివి లోపలికి రాలేదు. మేసేది గొడ్డు. నేను పళ్ళెం ముందు కూర్చున్నప్పుడల్లా నా మెడ గొడ్డు మెడలా వంగుతున్నట్టు ఉండేది.

కిందికి వచ్చాక డాక్టరమ్మ ఏమన్నదని అత్తమ్మ అడిగింది. "అంతా మంచిగనే ఉందన్నది" అని చెప్పాను. మా ఆయనకు మాత్రం, మామిడిపండ్లు వద్దన్నదని ఒక్క ముక్క చెప్పాను. ఆయన మరునాటి నుంచి ఖాళీ సంచీతో వచ్చేవాడు.

ఆ రోజు నుంచి తినడం మానేశాను. మానేశానంటే, మా అత్తమ్మ ఎదుట నాలుగు ముద్దలు తిని, ఆమె ప్రార్థనకు కూర్చుని కళ్ళు మూసుకోగానే మిగిలిన అన్నం వెనక గోడమీదుగా పక్కింటివాళ్ళ బర్రె కుడితి తొట్లో వేసేదాన్ని. కడుపులో బిడ్డ తన్నుతుంటే అది ఆకలితో తన్నుతోందేమోనని భయపడి రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకునేదాన్ని, అయినా తినేదాన్ని కాదు. తర్వాతి పరీక్షకు వెళ్ళే రోజున పొద్దున్నే నీళ్ళు కూడా తాగలేదు. ఉన్నవాటిలో పల్చని వాయిలు చీర కట్టుకుని, గాజులు తీసి గూట్లో పెట్టి వెళ్ళాను.

బరువు తగ్గలేదు, పోయినసారికంటే ఎక్కువే పెరిగింది.

"నోరు కట్టుకోమంటే కట్టుకోలేదన్నమాట" అంది మేడమ్.

"తింటలేను మేడం" అన్నాను.

"తినకుండా గాలికి పెరిగావా? నాతో అబద్ధాలు ఆడకు."

ఆమె బీపీ చూసిందనీ, కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించమందనీ చాలా కాలం తర్వాత, ఆ గది గోడలూ, బల్లా, ఆమె చేతి గడియారం అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నప్పుడు తెలిసింది. అప్పుడు మాత్రం నాకు వినబడింది అబద్ధం అన్న మాటే. పస్తులుండి కూడా దొంగనయ్యాను కదా, ఇంక ఈ ఒంటికి ఏం చెప్పాలో తెలియలేదు.

చీటీ మీద వచ్చే వారం తేదీ వేసి ఉంది. ఆ రోజున మా అత్తమ్మ బంధువుల ఇంట్లో చావుకని ఊరికి వెళ్ళింది. నర్సింగ్ హోమ్‌కు వెళ్తున్నానని మా ఆయనతో చెప్పి బయలుదేరాను. మెట్ల దాకా వెళ్ళాను. పైనుంచి ఆయా గొంతు వినబడింది, ఎవరిదో అంకె చెబుతోంది. వెనక్కి తిరిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఎల్బీ నగర్ దాకా పోయాను. అప్పట్లో ఎల్బీ నగర్ అంటే ఊరి చివర, విజయవాడ వైపు, సాగర్ వైపు పోయే బస్సులు ఆగే చౌరస్తా. అక్కడొక రేకుల షెడ్డు కింద, తొలకరి చినుకుల్లో, ఎవరూ నన్నెరగని జనం మధ్య కూర్చుని వచ్చేపోయే బస్సుల్ని చూశాను. ఇంటికెళ్ళి, అంతా మంచిగుందట అన్నాను.

అప్పటికే పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. వేలికున్న ఉంగరం సబ్బు రాసినా ఊడలేదు. తల వెనక నుంచి నొప్పి మొదలై కళ్ళ మీదికి వచ్చేది. ఇదంతా కొవ్వేననీ, మేడమ్ అన్నదే నిజమనీ, నాకు తెలియకుండానే నేనెక్కడో మేస్తున్నాననీ అనుకునేదాన్ని. తలనొప్పి సంగతి ఎవరికైనా చెబితే మళ్ళీ ఆ మిషను ఎక్కిస్తారని చెప్పలేదు.

ఒక ఆదివారం చర్చి ఆరాధనలో కీర్తన పాడటానికి పుస్తకం తెరిస్తే అక్షరాలు లేవు. తెల్లని కాగితం మీద మెరుపులు మెరుస్తున్నాయి. పక్కనున్న అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసి పాట మధ్యలోనే లేచి, మగవాళ్ళ వరుసలో ఉన్న కొడుకును కేకేసింది. "ఓ అయ్యా, బిడ్డ ముఖం ఎట్లనో ఉన్నది, జల్ది రా."

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బీపీ పట్టీ కట్టి, విప్పి, మళ్ళీ కట్టి చూసింది. నా కాలి ఎముక మీద బొటనవేలు నొక్కితే అక్కడ పడిన గుంట అట్లాగే ఉండిపోయింది.

"ఇది తిండితో పెరిగిన బరువు కాదమ్మా, ఒంట్లో చేరిన నీరు. తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"శానా దినాల నుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

నేను గోడవైపు తిరిగాను. ఆమె నర్సును సూది మందు తెమ్మని, ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయనీ, బిడ్డను వెంటనే తీయాలనీ మా ఆయనకు చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు. సంతకం పెట్టాడు. ఆపైన, నా మంచం దాకా వినబడేట్టు, ఎంతో మెల్లగా అడిగాడు.

"మేడం, నేను దినాం మామిడిపండ్లు తెచ్చి పెట్టిన. దాంతోనే అయిందా?"

"కాదు బాబూ" అంది ఆమె. "పండ్లతో బరువు కొంచెం పెరిగితే పెరగొచ్చు. ఈ జబ్బు దానివల్ల రాదు. నీ తప్పు కాదు, ఆమె తప్పు కాదు."

ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఇన్ని వారాలూ ఆ మనిషి ఖాళీ సంచీతో ఇంటికొస్తూ లోపల ఏం మోశాడో నాకప్పుడు తెలిసింది. నేనొక్కదాన్నే సిగ్గుతో కుంగిపోతున్నాననుకున్నాను.

ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. నెలలు నిండని పిల్లవాడు, అరచేతిలో ఇమిడేట్టున్నాడు. అత్తమ్మ వాణ్ణి దూదిలో చుట్టి తన ఎదకు ఆనించుకుని కూర్చుంది. వాడు బతికాడు, నేనూ బతికాను.

ఇంతవరకు చెప్పడం నాకు అంత కష్టం కాలేదు. కష్టమైనది ఈ తర్వాతి సంగతి. బిడ్డ కాస్త తేరుకున్నాక, మొదట చూసిన డాక్టరమ్మకు చూపించకపోతే బాగుండదని అత్తమ్మ పట్టుబట్టి, ఆ రోజు మోకాళ్ళు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చింది. మేడమ్ పిల్లవాణ్ణి తీసుకుని గుండె విని, కళ్ళు చూసి, ఎంతో ముద్దు చేసింది. నన్ను మిషను ఎక్కమంది. ఒంట్లోని నీరంతా పోయి, మందులకు తిండి సయించక నేను మళ్ళీ పుల్లలా అయ్యాను. అంకె విని ఆమె నవ్వింది.

"ఇప్పుడు చూడు, ఎంత చక్కగా, నాజూగ్గా ఉన్నావో."

అప్పుడు మా అత్తమ్మ అన్నది: "సావుబతుకుల నుంచి లేచొచ్చింది మేడం నా కోడలు. నాజూకు ఏంది?"

నాకు ఆ క్షణంలో కలిగిందేమిటో తెలుసా, అత్తమ్మ మీద కోపం. మేడమ్ నన్ను మెచ్చుకుంది, అందరూ వింటుండగా మెచ్చుకుంది, నా గుండె చిన్నపిల్ల గుండెలా పొంగింది, ఈ ముసలామె దాన్ని పాడుచేసింది. ఆమె కొంగు పట్టుకుని గుంజి, ఊరుకోమని సైగ చేశాను. మేడమ్ వైపు చూసి క్షమించమన్నట్టు నవ్వాను. మేడమ్ ముఖం మాత్రం తెల్లబోయింది. ఏమైందో చెప్పమని ఆమె నన్ను అడిగింది. "ఏం లేదు మేడం, జర బీపీ అయింది" అన్నాను.

మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, అత్తమ్మ నా వైపు చూడకుండానే అడిగింది. "గామె నిన్ను గప్పుడు ఏమన్నా అన్నదా బిడ్డా?"

"ఏమనలేదు" అన్నాను.

ఆమె మరో మెట్టు దిగడానికి నా భుజం పట్టుకుంది.

ఆ మేడమ్ ఇప్పుడు లేదు. ఏ వేళ పిలిచినా లేచి వచ్చే మనిషి, ఎందరి బిడ్డలకో ఊపిరి పోసిన మనిషి, ఆమెను చెడ్డదనడానికి నాకు నోరు రాదు. ఆ నర్సింగ్ హోమ్ చోట ఇప్పుడు కోచింగ్ సెంటర్ వచ్చింది, మార్కెట్ ఊరవతలికి వెళ్ళిపోయింది, అత్తమ్మ దేవుని దగ్గరికి వెళ్ళిపోయింది. మా తరం ఆడవాళ్ళం డాక్టరు ముందుకు వెళ్తే మొదట తల వంచుకునేవాళ్ళం, నొప్పి ఎక్కడో ఆ తర్వాత, ధైర్యం మిగిలితే, చెప్పేవాళ్ళం. ఈ కాలం పిల్లలు నొప్పి ముందు చెబుతున్నారు, వినేవాళ్ళు కూర్చుని వింటున్నారు. చూసి సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. ఆ సంతోషం అడుగున, కన్నపిల్లల మీద తల్లికి ఉండకూడని ఈర్ష్య ఒకటి సన్నగా కదులుతుంది. అది కదిలినప్పుడల్లా, ఈ వయసులో కూడా, నాకు మళ్ళీ సిగ్గేస్తుంది.