ఎలమంచిలి పెనం, నా నోరు

ఎలమంచిలి దగ్గర బెల్లం వండే నాయుడు గారు "నోరు తగ్గించుకుంటేనే పని" అని కబురు పెట్టారు. అందుకే బయలుదేరాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

అనకాపల్లిలో ఏడున్నర ప్యాసింజరు ఎనిమిదింపావుకి వచ్చింది. టికెట్టు పది రూపాయలు. పొద్దున వెళ్లేవారు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ. పక్కన జామకాయల బుట్టతో ఒక ముసలామె. నా సంగతి విని, సల్లగా ఉన్నోళ్లకే పని నిలబడతాదంది.

"పొయ్యి సల్లగా ఉంటే బెల్లం అవుతాదేటప్పా?" అన్నాను. నవ్వి ఒక కాయ చేతిలో పెట్టింది.

తొమ్మిదింటికి దిగి ఆటో ఎక్కాను. మా ఆయన పోయాక పాకం చూసే పని ఆ పొయ్యి దగ్గర నాదే. బుడగ చూసి దించమనాలి, అనగానే నలుగురు మగాళ్లు పెనం ఎత్తాలి. ఆలస్యమైతే బెల్లం నల్లబడుతుంది. మొన్న ఒకడు సెల్‌ఫోన్ చూస్తూ నిలబడితే తిట్టాను. నలుగురూ అలిగారు. నా చోట నాయుడు గారి బావమరిది అప్పలరాజుని పెట్టారు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

ఈ రోజు నోరు మెదపకూడదనే వెళ్లాను. శాంతంగా ఉంటే పని ఎలా సాగుతుందో అప్పలరాజుని చూసి నేర్చుకోమని నాయుడు గారు చెబుతూనే ఉన్నారు, వెనక బుడగ చిక్కబడిపోతోంది.

"దించుదామేటర్రా?" అన్నాడు అప్పలరాజు మెల్లగా.

బీడీ అయిపోనీ అన్నాడు ఆ నలుగురిలో ఒకడు. అప్పలరాజు నవ్వుతూ నిలబడ్డాడు. నా వల్ల కాలేదు.

"దించండెహె, సచ్చినోళ్లారా!"

బీడీలు పారేసి ఎత్తారు. గట్టిపడ్డాక నాయుడు గారు ముక్క విరిచి చూశారు. పసుపు రంగు చెడలేదు.

"రేపొచ్చీ నూకాలమ్మా. నోరు మాత్రం ఇంటికాడ ఎట్టిరా."

"రెండూ వత్తాయి బాబూ. లేపోతే రెండూ రావు."

ఆయన ముఖం ముడుచుకుంది. అప్పలరాజే అన్నాడు: "నూకాలమ్మ అప్పనే రానియ్ బావా. నాకు దిమ్మలు కట్టడం వచ్చుగానీ అరవడం రాదు." అదీ నిజమే. అతను కట్టిన దిమ్మకి పగులుండదు.

రేపు ఏడింటికి పొయ్యి వెలిగిస్తామన్నారు నాయుడు గారు, నా వైపు చూడకుండా. అంటే ప్యాసింజరు పనికిరాదు, ఐదున్నర బస్సే.

ఒంటిగంట బస్సులో నిలబడే తిరిగి వచ్చాను. కాలు తొక్కినవాడినీ, చిల్లర లేదన్న కండక్టరునీ ఏమీ అనలేదు. అక్కడ ఏ పెనమూ మాడిపోవడం లేదు కదా.