నడక తర్వాతి గుండె

గదిలో దీపం ఆర్పి ఎకో యంత్రం శబ్దం పెంచినప్పుడల్లా, రక్తం కవాటం దాటే సవ్వడి వండూర్ తీరంలో అల వెనక్కి జారుతున్నట్టు వినిపిస్తుంది. ఆ మసక వెలుగులో సుమతి మేడమ్ నా భుజం వెనకే నిలబడి తెర చూస్తున్నట్టుంటుంది. మా దీవిలోని చిన్న ఆసుపత్రిలో నాకు గుండె స్కానింగ్ నేర్పిన డాక్టరు ఆవిడే. "ఇవాళ ఎలా ఉందో చూస్తే చాలదు, ముందేమవుతుందో చూడాలి. పెద్దాసుపత్రికీ మనకీ మధ్యలో సముద్రం ఉందిగా" అనేవారు.

పడుకోబెట్టి తీసిన బొమ్మను ఒక్కదాన్నే ఆవిడ నమ్మేవారు కాదు. రోగిని డెలానీపూర్ వైపు ఎత్తు రోడ్డు ఎక్కించి దింపి, ఆయాసం తగ్గకముందే మళ్ళీ స్కాన్ చేయించేవారు. విశ్రాంతిలో దాగిన ఒత్తిడి అప్పుడు బయటపడేది. ఎవరిని వెంటనే ఆపరేషన్‌కి సముద్రం దాటించి మెయిన్‌లాండ్‌ పంపాలో, ఎవరు ఆగగలరో దాన్నిబట్టి చెప్పేవారు. మేం "మేడమ్ పరేడ్" అని నవ్వుకునేవాళ్ళం.

అప్పన్న ఫీనిక్స్ బే జెట్టీ బోట్లలో పనిచేసేవాడు. చిన్నప్పటి కీళ్ళజ్వరంతో కవాటం బిగుసుకుపోయి, తెర మీద చేప నోరులా కొద్దిగానే తెరుచుకునేది. ఆ రోజు వాన. మేడమ్ వార్డులో ఉన్నారు. పడుకోబెట్టి తీసిన స్కాన్‌లో ఒత్తిడి పెద్దగా కనిపించలేదు. అప్పన్న తొందరపెట్టాడు.

"భయ్యా, బోటెల్లిపోతాది. ఈ వానలో పరేడేటి? నడిసినాడని రాసీ, జల్దీ!"

"మేడమ్ అడిగితే?"

"నడిసినాననే సెప్తాను, సరేనా?"

పడుకున్న గుండెనే మరోసారి తీసి, నడక తర్వాతిదని రాశాను. మేడమ్ నమ్మి, వానలు తగ్గాక ఆపరేషన్‌కి పంపవచ్చన్నారు. కొన్నాళ్ళకే నడిసముద్రంలో అతని ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ప్రాణం దక్కింది, మెయిన్‌లాండ్‌లో కవాటం సరిచేశారు, బోటు పని మాత్రం పోయింది. మేడమే సరిగ్గా చూడలేదని అతని భార్య లక్ష్మి జెట్టీ అంతా చెప్పింది. జనం ఆవిడ దగ్గరికి రావడం తగ్గించారు.

మేడమ్ ఆ స్కాన్ మళ్ళీ తెరిచారు. ఎత్తెక్కి వచ్చిన మనిషి గుండె అంత నెమ్మదిగా కొట్టుకోదు. చాలాసేపు చూసి, "రేపట్నుంచి వాళ్ళతో నువ్వూ నడువు" అన్నారు. అంతే. లక్ష్మితో మాత్రం "సంతకం నాది, తప్పూ నాదేనమ్మా" అన్నారు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు.

అప్పట్నుంచీ నడుస్తూనే ఉన్నాను. వాన వెలిసిన పూట కింద సముద్రం పొగలా కనిపిస్తుంది, కలలో ఎక్కుతున్నట్టు మెల్లగా ఎక్కుతాం. సగం ఎత్తులో ఎవరి మాట తెగుతుందో, చెట్లు చూసే నెపంతో ఎవరు ఆగుతారో తెలుస్తుంది.

వైజాగ్ వెళ్ళిపోయిన మేడమ్ చనిపోయారన్న కబురు వచ్చాక అప్పన్న ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామన్నాను.

"ఇన్నాళ్ళూ నువ్వు సెప్తావని నాను, నాను సెప్తానని నువ్వు" అన్నాడు తల దించుకుని. "లచ్చిమికి నువ్వే సెప్పీ భయ్యా. నాకు ధైర్నం సాల్లేదు."

చెప్పాను. లక్ష్మి టీ గ్లాసులు కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయింది.

"జెట్టీ అంతా తిరిగి ఆవిణ్ణి తిట్టింది నానే గదా. ఇప్పుడెవురికాడికెళ్ళి సెప్పుకోమంటారు, ఇద్దరూ?"

అందుకే, ఆవిణ్ణి ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. ఆ రోజు అప్పన్న నడవలేదు. మేడమ్ చూపు తప్పలేదు.