బావగారు కొలిచిన బండి

మా ఆయన అద్దాలు కడుగుతాడు. మేడల అద్దాలు. పొడుగాటి కర్రకి బ్రష్షు, బ్రష్షుకి గొట్టం, గొట్టంలో నీళ్ళు. కింద నిలబడే మూడో అంతస్తు కిటికీ తళతళలాడిస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. నోట్లోనే నాలుక లేదు, అంతే.

ఈ పనిలో అసలు తంటా నీళ్ళతోనే. మామూలు కుళాయి నీళ్ళు కొడితే ఆరాక అద్దమంతా తెల్ల మచ్చలు. అందుకని ఇంట్లో వడగట్టిన నీళ్ళే వెంట మోసుకెళ్ళాలి. పాత బండి మూలపడ్డ వారానికే మిట్ట మీది ఆసుపత్రి వాళ్ళు కిటికీలన్నీ మీరే కడగాలన్నారు. అంత పనికి వెయ్యి లీటర్ల ట్యాంకు కావాలి. దాన్ని మోసే బండీ కావాలి.

బండి అనగానే బావగారు దిగారు. మా ఆయనకి అన్నగారు, వృత్తి దర్జీ. మామగారు పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది ఆయనే, కాదనను. కానీ ఆ పెంచడం ఇంకా పూర్తి కాలేదు, అదీ నా ఏడుపు. మా ఆయన తొడుక్కునే చొక్కా, మేముండే అద్దె ఇల్లు, అన్నీ ఆయన ఎంచినవే. నేనూ ఆయన చూసిన సంబంధమేలెండి, ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన తెలివిని మెచ్చుకుంటా.

పాత బండ్లమ్మే చోటికి ముగ్గురం వెళ్ళాం. బావగారి మెడలో టేపు ఉండనే ఉంది. ఓ తెల్ల వ్యాను ముందు ఆగారు. ఎత్తుగా, పొడుగ్గా, పెళ్ళికొడుకులా ఉంది. లోపలికెక్కి అడ్డం, నిలువు, ఎత్తు కొలిచారు. ట్యాంకు కొలత ముందే రాసుకున్నారు.

"చూశావా తమ్ముడూ, కోటు కుట్టినట్టు సరిపోయింది!"

పక్కనే ఇంకో బండి ఉంది. పొట్టిది, మొద్దుది, రంగు వెలిసిపోయింది. అక్కడి మెకానిక్ నన్ను చూసి, "నీళ్ళకైతే ఈ పొట్టిది తీసుకోండమ్మా. ఆ తెల్లది ఆరేడు వందల కిలోలకి మించి మొయ్యదు. దూదైతే నింపుకోండి," అన్నాడు.

నేనూరుకుంటానా? "బావగారూ, లీటరు నీళ్ళంటే కిలో. వెయ్యి లీటర్లంటే టన్ను. పైన మనం ముగ్గురం."

"పట్టిందా లేదా అమ్మాయ్? పట్టాక మొయ్యక చస్తుందా?"

"ఏమండీ, మీరైనా చెప్పండి," అన్నాను. నడిపేది ఆయన. పొద్దున లేస్తే ఆ మిట్ట ఎక్కాల్సిందీ ఆయనే. ప్రాణం పోతే ఎవరిది? మా ఆయన బండి టైరు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "అన్నయ్య చూశాడుగా," అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

నేను పట్టిన పట్టు విడవలేదు. నీళ్ళు నింపి మిట్ట ఎక్కించి చూశాకే సంతకమన్నాను. సరే, నీ ముచ్చటెందుకు కాదనాలన్నారు బావగారు.

మర్నాడు బండి అడిగి తెచ్చుకుని, మా ఇంటి దగ్గర కొత్త ట్యాంకు ఎక్కించి నింపాం. నింపుతుంటేనే బండి వెనక్కి కూలబడింది. మా ఆయన స్టీరింగు ముందు, నేను మధ్యన, బావగారు తలుపు పక్కన. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మిట్ట మొదట్లో బాగానే లాగింది. "ఇప్పుడేమంటావ్ అమ్మాయ్?" అన్నారు. ఆ మాటే దిష్టి కొట్టిందో ఏమో, మలుపు దాటగానే ఇంజను గుడగుడమని ఆగిపోయింది.

మా ఆయన బ్రేకు తొక్కాడు. చేతి బ్రేకు లాగాడు. అది దండగ. బండి ఇంత వెనక్కి జారింది. రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి తొక్కితే ఆగింది. అద్దంలో చూద్దును కదా, వెనక ఓ ఆవిడ, స్కూటరు ముందు పిల్లాణ్ణి నిలబెట్టుకుని మాకు ఆనుకున్నట్టే ఆగి ఉంది. ఆవిడ వెనక ఇంకో కారు. ఎటూ పోలేదు.

"బావగారూ, దిగండి! చక్రాల వెనక రాళ్ళు పెట్టండి!"

"నేను దిగితే ముందు బరువు తగ్గి ఇంకా జారుతుంది. నువ్వు గేరు మార్చరా తమ్ముడూ." ఆయన రెండు చేతులతో ముందున్న పిడి పట్టుకుని బిగుసుకుపోయారు. భయం, దాని మీద పరువు. ఆయన కదిలితే తప్ప నేను దిగలేను. మా ఆయన కాలు తీస్తే తప్ప ఇంజను అందుకోదు. కాలు తీస్తే ఆ పిల్లాడు...

బండి మళ్ళీ జానెడు జారింది. మా ఆయన తొడలు వణుకుతున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి.

"అన్నయ్యా, దిగు."

అరవలేదు. కానీ ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. బావగారు తమ్ముడి మొహం వైపు చూసి, పిడి వదిలి దిగారు. పక్కనే ఉన్న పెద్ద రాళ్ళు ఈడ్చి చక్రాల వెనక దోపారు. వెనక కారు వెనక్కి జరిగాక స్కూటరావిడ పక్కకి తప్పుకుంది. నేను దిగి పక్క తలుపు తీసి ట్యాంకు కుళాయి తిప్పాను. మా ఆయన వడగట్టిన నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి.

ట్యాంకు ఖాళీ అయ్యాక బండి వెనక భాగం పైకి లేచింది. నేనెక్కి మా ఆయన పక్కన కూర్చున్నాను. బావగారు చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చారు.

"నాకు ముందే అనుమానం తమ్ముడూ. ఆ పొట్టిదే తీసుకుందాం. అది బాగా మోస్తుందని మెకానిక్ అన్నాడుగా, ట్యాంకు ఇంకా పెద్దది వేయిద్దాం. రేపు నేనొచ్చి కొలుస్తా."

నేను మా ఆయన వైపు ఆశగా చూశాను. ఒక్క మాట వచ్చింది కదా, ఇంకొక్కటి రాదా అని.

"సరే అన్నయ్యా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "రాళ్ళున్నాయి, నీళ్ళు పోయాయి. ఇంక కాళ్ళు తియ్యండి," అన్నాను.

"తీద్దామనే చూస్తున్నానే," అన్నాడు. "రావట్లేదు."

నేను వంగి, రెండు చేతులతో ఆ కాళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటే బ్రేకు మీంచి ఎత్తి కింద పెట్టాను.